చెప్పే నోరు మారితే: టామ్, హక్, జిమ్, ఒకే నది

రాత్రి వేళ. మిస్ వాట్సన్ ఉంటున్న ఇంటి వంటగది గుమ్మంలో ఆమె బానిస జిమ్ కూర్చుని ఉన్నాడు. టామ్, హక్ అనే ఇద్దరు పిల్లలు దొంగచాటుగా తోటలోంచి బయటపడబోతున్నారు. చెట్టు వేరు తగిలి హక్ పడ్డాడు, చప్పుడైంది. "ఎవరక్కడ?" అంటూ జిమ్ లేచి వచ్చి సరిగ్గా ఇద్దరి మధ్యా చతికిలబడ్డాడు. చీకట్లో నక్కిన హక్‌కి ముక్కు మీద దురద మొదలైంది. గోక్కుంటే దొరికిపోతాడు. కాసేపటికి ఒంటిమీద 11 చోట్ల దురద. ఎట్టకేలకు జిమ్ గురక పెట్టాడు. టామ్ అతని టోపీ తీసి పైనున్న కొమ్మకి తగిలించి ఉడాయించాడు. ఆ తర్వాత జిమ్, మంత్రగత్తెలు తన మీద ఎక్కి స్వారీ చేశారని తోటివాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగాడు.

మార్క్ ట్వేన్ నవల 'హకల్‌బెరీ ఫిన్' 2వ అధ్యాయంలోది ఈ సంఘటన. నూటనలభై ఏళ్ళుగా పిల్లలు దీన్ని చదివి నవ్వుకుంటున్నారు. 2024 మార్చిలో వచ్చిన పెర్సివల్ ఎవరెట్ నవల 'జేమ్స్' కూడా ఈ రాత్రితోనే మొదలవుతుంది. కాకపోతే ఇక్కడ కథ చెబుతున్నది జిమ్. గడ్డిలో ఎవరు నక్కారో అతనికి మొదటి వాక్యంలోనే తెలుసు. నిద్ర, గురక అన్నీ నటన. తెల్లవాళ్ళకి ఏం కావాలో అది ఇచ్చేస్తే తనకు క్షేమం అని అతని లెక్క.

ఇల్లు అదే, పిల్లలు వాళ్ళే, టోపీ అదే. బోల్తా పడినవాళ్ళు మాత్రం మారిపోయారు.

'జేమ్స్'కి 2024 నవంబర్‌లో అమెరికా నేషనల్ బుక్ అవార్డు, 2025 మేలో పులిట్జర్ బహుమతి వచ్చాయి. దాంతో చాలామంది పాఠకులకి ఒక సందేహం వచ్చింది: తెలిసిన కథనే ఇంకొకరి నోట చెప్పిస్తే అది కొత్త నవల ఎలా అవుతుంది? మారింది ఒక్క సర్వనామమే కదా?

క్లుప్తంగా

కథకుడు మారితే ముందుగా మారేది సమాచారం. ఎవరికి ఏం తెలుసు, పాఠకుడికి అది ఎప్పుడు అందుతుంది అన్న లెక్క మారుతుంది. దాంతో నవ్వించిన చోటు భయపెడుతుంది, భయపెట్టిన చోటు ఇంకేదో అవుతుంది. ఆపైన ఆ పుస్తకం ఏ వయసువాళ్ళది అన్నదీ మారిపోతుంది. ట్వేన్ రెండు నవలలు, ఎవరెట్ నవల పక్కపక్కన పెడితే ఇదంతా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

పేర్ల దగ్గరే ఒక తికమక

ఇంగ్లిష్‌లో ఫస్ట్ పర్సన్ అంటే 'నేను'. దాన్ని తెలుగులో 'ప్రథమ పురుష' అని రాసేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. అది పొరపాటు. మన వ్యాకరణంలో 'నేను' ఉత్తమ పురుష, 'నువ్వు' మధ్యమ పురుష, 'అతడు, ఆమె, అది' ప్రథమ పురుష. ఆ ప్రకారం 'టామ్ సాయర్' ప్రథమ పురుషలో నడుస్తుంది, 'హకల్‌బెరీ ఫిన్', 'జేమ్స్' ఉత్తమ పురుషలో నడుస్తాయి. మూడింటికీ నేపథ్యం మిసిసిపీ నది ఒడ్డు. ట్వేన్ పెరిగిన మిస్సోరీ పట్టణం హానిబల్‌నే కథలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌గా మార్చాడు.

టామ్ కథ: అన్నీ తెలిసిన పెద్దమనిషి చెప్పింది

'టామ్ సాయర్' 1876లో వచ్చింది. దాన్ని చెప్పేది కథలో లేని ఒక పెద్దమనిషి. ఊళ్ళో ఎవరి మనసులోకైనా తొంగి చూడగలడు. టామ్‌ని చూసి ముచ్చటపడుతూనే అప్పుడప్పుడు మొట్టికాయ వేస్తుంటాడు.

అందరికీ గుర్తుండే కంచె ఘట్టం తీసుకుంటే సంగతి తెలుస్తుంది. శనివారం పూట 30 గజాల పొడవు, 9 అడుగుల ఎత్తు ఉన్న చెక్క కంచెకి సున్నం వేయమని పాలీ పెద్దమ్మ టామ్‌ని పురమాయించింది. టామ్ ఆ పనిని ఏదో దొరకని అదృష్టంలా చేసి చూపించాడు. స్నేహితులు ఎదురు లంచమిచ్చి మరీ బ్రష్ పట్టుకున్నారు. గాలిపటం, 12 గోళీలు, ఒంటికన్ను పిల్లిపిల్ల, చచ్చిన ఎలుక, దాన్ని గిరగిరా తిప్పడానికి తాడు, ఇవన్నీ టామ్ ఆస్తిలో చేరాయి. కంచెకి మూడు పూతలు పడ్డాయి. అప్పుడు కథకుడు కలగజేసుకుని, మనిషి తప్పనిసరై చేసేది పని, తప్పనిసరి కానిది ఆట అని సూత్రం చెబుతాడు. టామ్ ఈ పుస్తకం రాసినవాడిలా గొప్ప తత్త్వవేత్త అయివుంటే అతనికీ ఈ సంగతి బోధపడేదని కూడా అంటాడు.

ఈ మాట టామ్ నోట పలికిస్తే ఏమవుతుంది? "నేను వాళ్ళని ఎలా బుట్టలో వేశానో తెలుసా" అని వాడే చెప్పుకోవాలి. అది గొప్పలు చెప్పుకోవడం అవుతుంది. అల్లరి పోయి టక్కరితనం మిగులుతుంది. తాను ఏం చేశాడో టామ్‌కి పూర్తిగా తెలియకపోవడం వల్లే ఆ ఘట్టం అంత ముద్దుగా ఉంది. ఆ తెలియనితనాన్ని చూపించాలంటే తెలిసినవాడు ఒకడు పక్కన ఉండాలి.

ప్రథమ పురుష ఇచ్చే ఇంకో సౌకర్యం 19వ అధ్యాయంలో ఉంది. ఇంట్లోంచి పారిపోయి దాక్కున్న ద్వీపం నుంచి ఒక రాత్రి ఇంటికి వచ్చినప్పుడు నీకోసం చెట్టు బెరడు మీద కబురు రాసి తెచ్చానని టామ్ చెప్పి వెళ్ళిపోయాడు. అబద్ధమేమోనని పెద్దమ్మకి భయం. వాడి పాత కోటు చేతిలోకి తీసుకుంటుంది, మళ్ళీ పెట్టేస్తుంది. రెండుసార్లు వెనక్కి తగ్గి, మూడోసారి జేబులో చెయ్యి పెడుతుంది. బెరడు ముక్క ఉంది. ఆమె కన్నీళ్ళు ఆగలేదు. ఆ గదిలో టామ్ లేడు. టామ్ చెప్పే కథలో ఈ అరపేజీకి చోటే ఉండదు.

మరి ట్వేన్ ఆ పద్ధతినే ఎందుకు కొనసాగించలేదు? 1875 జులై 5న తన మిత్రుడు, సంపాదకుడు విలియమ్ డీన్ హవెల్స్‌కి రాసిన ఉత్తరంలో జవాబుంది. 'టామ్ సాయర్'ని ఉత్తమ పురుషలో రాయకపోవడం బహుశా పొరపాటేమోనని అందులో అన్నాడు. ముందుముందు ఒక పన్నెండేళ్ళ కుర్రాణ్ణి తీసుకుని వాడి నోటే కథ చెప్పిస్తాననీ, అందుకు టామ్ పనికిరాడనీ రాశాడు. నిజంగానే పనికిరాడు. టామ్ చదివిన సాహస కథల్లోని మాటలు టామ్ నోట్లో పడి నలుగుతుంటాయి. సొంత కళ్ళతో లోకాన్ని చూసే పిల్లాడు కావాలి.

హక్ కథ: తెలియనివాడు చెప్పింది

ఆ పిల్లాడు హక్. తాగుబోతు తండ్రి, బడి అంతంతమాత్రం. 'హకల్‌బెరీ ఫిన్' 1884 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లో, 1885 ఫిబ్రవరిలో అమెరికాలో వచ్చింది. మొదటి పేరాలోనే హక్ పాఠకుడితో నేరుగా మాట్లాడతాడు. టామ్ సాయర్ పుస్తకం చదవకపోతే మీకు నేనెవరో తెలీదు, దాన్ని మిస్టర్ మార్క్ ట్వేన్ రాశాడు, చాలావరకు నిజమే చెప్పాడు అంటాడు. 'చాలావరకు' అన్న ఆ ఒక్క మాటతో అన్నీ తెలిసిన పెద్దమనిషి పెత్తనం అయిపోయింది.

ఇక్కడి నుంచి నవల నడిచే తీరు వేరు. హక్ చూస్తాడు, చెబుతాడు, కానీ చెప్పినదాని అర్థం చాలాసార్లు అతనికే తెలియదు. పాఠకుడికి తెలుస్తుంది. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీయే ఈ నవలకి ప్రాణం.

హక్, జిమ్ ఇద్దరూ ఊరొదిలి పారిపోయి తెప్ప మీద నదిలో సాగుతుంటారు. 23వ అధ్యాయంలో తెల్లవారుజామున ఆ తెప్ప మీద జిమ్ తలని మోకాళ్ళ మధ్య పెట్టుకుని మూలుగుతుంటాడు. భార్యాపిల్లలు గుర్తొచ్చారు. నాలుగేళ్ళ కూతుర్ని తలుపు వేయమన్నాడు, అది కదల్లేదు, కొట్టాడు. జ్వరం వచ్చి తగ్గాక ఆ పిల్లకి వినికిడి పోయిందని తర్వాత తెలిసింది. జిమ్ అది చెప్పుకుని ఏడుస్తాడు. దీనికి ముందు హక్ ఒక మాట అంటాడు: తెల్లవాళ్ళకి వాళ్ళవాళ్ళ మీద ఎంత ప్రేమ ఉంటుందో ఇతనికీ అంతే ఉన్నట్టుంది, అది సహజంగా అనిపించదు గానీ నిజమే అనుకుంటా. ఊరు నేర్పినది ఒకటి, కళ్ళు చూసినది ఇంకొకటి. హక్ రెండూ పక్కపక్కన పెట్టి వదిలేస్తాడు.

31వ అధ్యాయంలో ఇది పతాకస్థాయికి వెళుతుంది. పారిపోయిన బానిసకి సాయం చేయడం దొంగతనం, పాపం అని హక్‌కి చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. జిమ్ ఎక్కడున్నాడో చెబుతూ మిస్ వాట్సన్‌కి ఉత్తరం రాస్తాడు. రాశాక ప్రాణం తేలికపడుతుంది, పాపం కడిగేసుకున్నట్టు ఉంటుంది. తర్వాత జిమ్‌తో గడిపిన రాత్రులు గుర్తొస్తాయి. సరే, నరకానికే పోతాను అనుకుని ఉత్తరం చించేస్తాడు. తాను మంచి పని చేస్తున్నానని హక్ ఒక్క క్షణం కూడా అనుకోడు. చెడిపోయానని నమ్ముతూనే చేస్తాడు. ఇదే ఘట్టం టామ్ కథలోని పెద్దమనిషి చెబితే, "పాపం, హక్ పొరబడ్డాడు, నిజానికి అతను చేసింది గొప్ప పని" అని ఎక్కడో ఒకచోట అనక తప్పదు. ఆ వాక్యం పడగానే అది నీతికథ అయిపోతుంది.

తెలుగు పాఠకులకి ఈ కిటుకు కొత్తేమీ కాదు. ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' నడిచేది ఇదే సూత్రం మీద. బాబాయికి, రెండుజెళ్ళ సీతకి మధ్య నడుస్తున్నదేమిటో బుడుగుకి తెలీదు. వాడు చూసింది చూసినట్టు చెబుతుంటే మనకి తెలిసిపోతుంది. అదే కథని బాబాయి చెప్పి ఉంటే మామూలు ప్రేమకథ అయ్యేది.

ఉత్తమ పురుషకి ఒక మూల్యం కూడా ఉంది. కథకుడి భాషే పుస్తకం భాష అవుతుంది. 1885లోనే మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ గ్రంథాలయం ఈ నవలని మొరటుగా ఉందని బయటపెట్టింది. నల్లజాతివాళ్ళని తిట్టే ఒక మాట ఇందులో 200 సార్లకు పైగా వస్తుంది. 2011లో ఒక అమెరికన్ ప్రచురణకర్త దాని స్థానంలో 'బానిస' అని మార్చి వేస్తే పెద్ద రగడ జరిగింది. ప్రథమ పురుషలో కథకుడి మాట మారిస్తే వర్ణన మారుతుంది. ఇక్కడ మాట మారిస్తే ఆ పిల్లాడే మారిపోతాడు. ఆ ఊరు తన నోట్లో ఏ మాట పెట్టిందో హక్‌కి తెలియదు, అది పాఠకుడికి వినబడాలి.

ఎవరు ఎక్కడ లేరు

'నేను' చెప్పే కథలో ఆ 'నేను' లేని చోట చీకటే. హక్ 17, 18 అధ్యాయాల్లో గ్రాంజర్‌ఫర్డ్ కుటుంబంతో ఉంటాడు. ఆ రోజుల్లో జిమ్ చిత్తడి నేలల్లో దాక్కుని తెప్ప బాగుచేసుకుంటున్నాడు. హక్ పుస్తకంలో దానికి దక్కేది నాలుగు మాటలే. జిమ్ కథకుడైతే ఆ నాలుగు మాటలే కథ, గ్రాంజర్‌ఫర్డ్ ఇంటి పగా ప్రతీకారాలు, కాల్పులు ఎక్కడో దూరాన జరిగే సంగతులు. ఎవరెట్ నవల తన జాగా అంతా ఇలాంటి ఖాళీల్లోనే వెతుక్కుంది. మొదటి పుస్తకంలో జిమ్ కనిపించని ప్రతి రోజూ రెండో పుస్తకానికి ముడిసరుకు.

రహస్యాలు కూడా చేతులు మారతాయి. 9వ అధ్యాయంలో వరదలో కొట్టుకొచ్చిన ఇంట్లో ఒక శవం ఉంటుంది. మొహం చూడొద్దని జిమ్ హక్‌ని ఆపుతాడు. అది హక్ తండ్రి శవం అన్న సంగతి చివరి అధ్యాయంలో గానీ బయటపడదు. హక్ చెప్పే కథలో అది చివరి మలుపు. జిమ్ చెప్పే కథలో ఆ క్షణం నుంచీ మోయాల్సిన బరువు. పాఠకుడు ఇక "ఎవరి శవం?" అని అడగడు. "ఎప్పుడు చెబుతాడు? ఎందుకు చెప్పడం లేదు?" అని అడుగుతాడు. కుతూహలం పోయి టెన్షన్ వచ్చింది.

హక్ పుస్తకం చివరి భాగం మరీ గట్టి ఉదాహరణ. ఫెల్ప్స్ వాళ్ళ పొలంలో జిమ్‌ని గొలుసుతో కట్టేస్తారు. టామ్ వచ్చి, సాహస కథల్లో లాగా తప్పించాలని పట్టుబడతాడు. ఎలుకలు, పాములు, 'పై' అనే వంటకంలో దాచి పంపిన తాడు నిచ్చెన, రక్తంతో చొక్కా మీద రాయాల్సిన డైరీ. మిస్ వాట్సన్ రెండు నెలల క్రితమే చనిపోతూ వీలునామాలో జిమ్‌ని విడుదల చేసిందని టామ్‌కి ముందే తెలుసు. కిటికీ బయట నిలబడ్డ పిల్లాడు చెబుతున్నాడు కాబట్టి అది హాస్యం. గొలుసుకి అవతలి కొసన ఉన్న మనిషి చెప్పడం మొదలుపెడితే ఒక్క పేజీ కూడా నవ్వు రాదు. ఎవరెట్ ఆ దారిలోకే పోలేదు. కథా కాలాన్ని కూడా ముందుకు జరిపి అమెరికా అంతర్యుద్ధం ముంగిటికి తెచ్చాడు.

'జేమ్స్'లో జిమ్ చదువుకున్నవాడు, జడ్జి థాచర్ గ్రంథాలయంలో దొంగచాటుగా పుస్తకాలు తిరగేసినవాడు. తోటి బానిసల పిల్లలకి అతను ఒక పాఠం చెబుతాడు: తెల్లవాళ్ళ ముందు వచ్చీరాని భాషలో ఎలా మాట్లాడాలి అని. తమలో తాము ఉన్నప్పుడు వాళ్ళది శుద్ధమైన ఇంగ్లిష్. ట్వేన్ పుస్తకంలో జిమ్ భాషగా కనిపించినది ఇక్కడ ప్రాణరక్షణకి వేసుకున్న వేషంగా తేలుతుంది. హక్ అబద్ధం చెప్పలేదు. తనకి వినబడినదే రాశాడు.

ఒక హెచ్చరిక అవసరం. 'జేమ్స్' పిల్లల పుస్తకం కాదు. కొరడా దెబ్బలు, అత్యాచారం, హత్యలు అందులో ఉన్నాయి. పిల్లాడి తెలియనితనం ఒక తెరలా పనిచేసి ఇదంతా మొదటి పుస్తకంలో కనబడకుండా ఆపింది. పెద్దవాడు, అందులోనూ బాధపడ్డవాడు మాట్లాడితే ఆ తెర ఉండదు. పదమూడేళ్ళ పిల్లలకి హక్ ఇచ్చి, వాళ్ళు ఇంకొంచెం పెద్దయ్యాక జిమ్‌ని ఇవ్వడమే సబబు.

కథ మధ్యలో గొంతు మారితే

కథకుణ్ణి ఒకే పుస్తకంలో మార్చినవాళ్ళూ ఉన్నారు. స్టీవెన్‌సన్ 'ట్రెజర్ ఐలండ్' (1883) చెప్పేది జిమ్ హాకిన్స్ అనే కుర్రాడు. 16, 17, 18 అధ్యాయాలు మాత్రం డాక్టర్ లివ్జీ చెబుతాడు. కారణం సాదా సీదాది: కుర్రాడు ద్వీపం మీద ఉన్నాడు, ఓడని వదిలేసిన సంగతులు వాడు చూడలేదు. కానీ ఆ మూడు అధ్యాయాల్లో ఊపు తగ్గుతుంది. డాక్టర్ సైన్యంలో పనిచేసినవాడు, నివేదిక రాసినట్టు లెక్కగా చెబుతాడు. భయం కుర్రాడిది, డాక్టర్‌కి అది లేదు.

తెలుగులోకి వచ్చేసరికి

ట్వేన్ ఈ రెండు నవలలనూ, 'ట్రెజర్ ఐలండ్'నూ నండూరి రామమోహనరావు తెలుగు చేశారు. ఒక తరం పిల్లలు మిసిసిపీని ఆ పేజీల్లోనే చూశారు. తెలుగు చేసేవాళ్ళకి ఈ కథల్లో ఎదురయ్యే ఒక చిక్కు ఇంగ్లిష్‌లో లేదు. ఇంగ్లిష్‌లో జిమ్ 'హీ', హక్ 'హీ', జడ్జి గారూ 'హీ'. తెలుగులో వాడు, అతను, ఆయన అని తేల్చుకోవాలి. హక్ నోట జిమ్ 'వాడు'నా, 'అతను'నా? మొదట్లో 'వాడు' అని, 15వ అధ్యాయంలో జిమ్‌కి క్షమాపణ చెప్పుకున్నాక 'అతను' అనొచ్చా? అలా చేస్తే ట్వేన్ చెప్పకుండా వదిలినది చెప్పేసినట్టు అవుతుంది. చేయకపోతే తెలుగు చెవికి ఏదో వెలితి. రెండూ కష్టమే.

ఒకచోట మాత్రం తెలుగు మూలం కంటే ఒక మెట్టు ముందుంటుంది. 11వ అధ్యాయం చివర, జాక్సన్ ద్వీపానికి జనం వెతుక్కుంటూ వస్తున్నారని తెలిసి హక్ పరుగున వచ్చి జిమ్‌ని లేపుతాడు, మన వెంట పడ్డారు అంటాడు. నిజానికి హక్ వెంట ఎవరూ పడలేదు. అతను చచ్చిపోయాడనే ఊరంతా నమ్ముతోంది. వాళ్ళు వస్తున్నది జిమ్ కోసం. ఇంగ్లిష్‌లోని 'అజ్' (us) అన్న చిన్న మాటని ఆగి గమనించాలి. తెలుగులో 'మా' కాదు, 'నీ' కాదు, 'మన' అని తేల్చి చెప్పాల్సిందే. ఉత్తరం చించడానికి 20 అధ్యాయాల ముందే హక్ ఏ పక్షమో ఆ ఒక్క మాటలో ఉంది.

'జేమ్స్' తెలుగు చేయాలంటే ఇంతకంటే పెద్ద ముడి ఉంది. బానిసలు వేషంగా వేసుకున్న ఆ భాషకి తెలుగులో ఏ యాసని పెట్టాలి? తెలంగాణ మాట పెట్టినా, శ్రీకాకుళం మాట పెట్టినా, రాయలసీమ మాట పెట్టినా ఆ ప్రాంతం వాళ్ళని అవమానించినట్టే. కమెడియన్‌కి, విలన్‌కి ప్రాంతీయ యాస తగిలించిన సినిమాలు ఎన్నో ఏళ్ళు ఆ పని చేశాయి. ఎవరి ఇంటి భాషనీ వేషం భాషగా మార్చకూడదు.

దారి యాసలో కాకుండా మర్యాద మాటల్లో దొరకొచ్చు. వెట్టి చాకిరీ కాలంలో తెలంగాణ పల్లెల్లో దొర ముందు నిలబడ్డ మనిషి "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అనాల్సి వచ్చేది. గడీ దాటి ఇంటికి వెళ్ళాక అతని భాష అది కాదు. వంటగది గుమ్మంలో కళ్ళు మూసుకుని కూర్చున్న జిమ్, గడ్డిలో నక్కిన పిల్లల్ని మనసులో 'వీళ్ళు' అంటాడు, 'వెధవలు' అంటాడు. లేచి నిలబడి పైకి మాట్లాడేటప్పుడు ఆ పిల్లలే 'చిన్నదొరలు' అయిపోతారు.